బోర్డుకు పంపిన పిల్ల

రెండు వేల ఏడు జూన్‌లో నేను కాసిపేట మండలం నుంచి బదిలీ మీద గోదావరిఖనిలోని ఒక ఉన్నత పాఠశాలకు వచ్చాను. నా హోదా స్కూల్ అసిస్టెంట్, చెప్పేది గణితం. చేరిన రోజే ప్రధానోపాధ్యాయుడు నన్ను పదో తరగతి 'బి' సెక్షన్‌కు క్లాస్ టీచర్‌ను చేశారు. క్లాస్ టీచర్ అంటే హాజరు పట్టీ, మార్కుల జాబితాలు, ప్రోగ్రెస్ కార్డులు, వాటి మీద తల్లిదండ్రుల సంతకాలు. వీటికి తోడు పదో తరగతికి నామినల్ రోల్స్ అని మరో పని ఉంటుంది. పబ్లిక్ పరీక్ష రాసే ప్రతి పిల్ల పేరు, పుట్టిన తేదీ, ఒంటి మీది రెండు పుట్టుమచ్చలు తప్పు లేకుండా రాసి పరీక్షల విభాగానికి పంపాలి. పుట్టుమచ్చల దగ్గరికి వచ్చేసరికి ఆడపిల్లలు సిగ్గుతో ఒకరి వెనుక ఒకరు దాక్కునేవాళ్లు. ఆ జాబితా ఒక్కటే వారం రోజులు తినేది.

ఆ ఊరు నాకు కొత్త కాదు. మా నాన్న బాయిలో పంపు నడిపేవాడు. భూగర్భ గనిని ఇక్కడ అందరూ బాయి అనే అంటారు. ఇక్కడి పిల్లల సంగతి నాకు ఒకరు చెప్పాల్సిన పని లేదని అనుకునేదాన్ని, కాస్త గట్టిగానే అనుకునేదాన్ని.

రజిత హాజరు పట్టీలో ఇరవై మూడో పేరు. కిటికీ పక్క బెంచీలో కూర్చునేది. లెక్క ఇస్తే మొదటి రెండు మెట్లు ముత్యాల్లాంటి అక్షరాలతో చేసేది. మూడో మెట్టు దగ్గర పెన్ను ఆగేది. కళ్లు నల్లబల్ల మీదే ఉండేవి, పిల్ల మాత్రం అక్కడ ఉండేది కాదు. రోడ్డు మీద షేర్ ఆటో హారన్ కొట్టినా, వరండాలో ఎవరైనా చెప్పులు ఈడ్చుకుంటూ నడిచినా మెడ అటు తిరిగేది. మధ్యాహ్నం ఓపెన్‌కాస్ట్‌లో, అంటే నేలను పై నుంచే తవ్వే గనిలో, బొగ్గు మీది బండను పేల్చినప్పుడు మా కిటికీ రెక్కలు గలగలమనేవి. పుట్టినప్పటి నుంచి వింటున్న మోత కాబట్టి మిగతా పిల్లలు తల కూడా ఎత్తేవాళ్లు కాదు. రజిత మాత్రం అది రావడానికి ఐదు నిమిషాల ముందే పెన్ను కింద పెట్టి, అది వచ్చిపోయేదాకా ఇంకేదీ ముట్టకుండా కూర్చునేది.

మొదటి మూడు నెలలు నేను చేసిందంతా తిట్టడమే. నిలబెట్టాను, బెంచీ మార్చాను, చేసిన లెక్కే పదిసార్లు రాయించాను. "రజితా, ఏ లోకంల ఉన్నవే?" అని పేరు పెట్టి అడిగితే క్లాసంతా నవ్వేది. ఆమె కూడా వాళ్లతో పాటు నవ్వేది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది. త్రైమాసిక పరీక్షలో లెక్కలకు నూటికి పదిహేడు వచ్చాయి. ప్రోగ్రెస్ కార్డు మీద ఎర్ర సిరాతో 'పరధ్యానం ఎక్కువ, తల్లిదండ్రులు శ్రద్ధ వహించాలి' అని రాసి పంపాను. తండ్రి సంతకంతో కార్డు తిరిగి వచ్చింది. తండ్రి పేరు కొమురయ్య. బాయిలో టింబర్‌మన్, అంటే తవ్విన చోట కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే మనిషి. సంతకం కూడా అట్లాగే ఒక్కో అక్షరం ఒక్కో దుంగలా నిటారుగా ఉండేది.

అక్టోబరులో మండల వనరుల కేంద్రంలో మూడు రోజుల శిక్షణకు నన్ను పంపారు. నిజం చెప్పాలంటే అలాంటి శిక్షణలంటే మాకు టీ, రెండు బిస్కెట్లు, ప్రయాణ భత్యం బిల్లు. నేను కూడా వెనుక వరుసలో కూర్చుని పేపర్లు దిద్దుకుందామని సంచి నింపుకుని పోయాను. రెండో రోజు చెప్పడానికి వచ్చిన ఒక పెద్దావిడ ఏ హడావుడీ లేకుండా ఒక మాట అడిగింది. పిల్ల వినడం లేదా, వినలేకపోతోందా, ఎప్పుడైనా తేల్చుకున్నారా అని. కొందరు పిల్లలకు దృష్టి ఒకచోట నిలపడమే కష్టమని, అది పొగరు కాదని, బద్ధకమూ కాదని, అలాంటి పిల్లలకు పనిని చిన్న ముక్కలుగా చేసి ఇవ్వాలని చెప్పింది. నేను దిద్దుతున్న పేపరు మూసేశాను. ఆవిడ చెబుతున్నంతసేపూ నాకు రజిత మెడే కనబడింది.

తిరిగి వచ్చాక నా పద్ధతి మార్చాను. రజితను కిటికీ దగ్గరి నుంచి లేపి మొదటి బెంచీలో గోడ పక్కన కూర్చోబెట్టాను. పది లెక్కలు ఒకేసారి ఇవ్వడం మానేసి, చిన్న చీటీ మీద ఒక్క లెక్క రాసి ఇచ్చేదాన్ని. అది చేసి తెస్తే రెండో చీటీ. చీటీ కోసం లేచి నా బల్ల దాకా నడిచి రావడమే ఆమెకు విశ్రాంతి. పేరు పెట్టి పిలవడం పూర్తిగా ఆపేశాను. ధ్యాస పోయిందని అనిపిస్తే పక్క నుంచి నడుస్తూ ఆమె బల్ల మీద వేలితో రెండుసార్లు తట్టేదాన్ని. మా ఇద్దరికీ తప్ప మూడో మనిషికి తెలిసేది కాదు. మధ్యాహ్నం పేలుడును కూడా వాడుకున్నాను. అది వచ్చేదాకా చెయ్యి, వచ్చినంక బయటికి పోయి నీళ్లు తాగి రా అన్నాను. ఎట్లాగూ దాని కోసమే కాచుకుని కూర్చునే పిల్లకు ఆ ఒప్పందం తెగ నచ్చింది.

నెల తిరిగేసరికి తేడా కనబడింది. ఒకరోజు సాయంత్రం ఏడు చీటీలు వరసగా చేసి నా ముందు పేర్చి, "మేడం, ఇంకొకటి ఉన్నదా?" అని అడిగింది. ముప్పై రెండేళ్ల సర్వీసులో నాకు గుర్తున్న మంచి మాటల్లో అదొకటి.

అయినా ఒక చిక్కు మిగిలింది. చేసిన లెక్కలన్నీ సరిగ్గా ఉండేవి గాని పేపరు మాత్రం పూర్తయ్యేది కాదు. లెక్కల పేపరుకు రెండున్నర గంటల టైం. అందులో రజిత మూడు వంతుల్లో రెండు వంతులే రాసేది. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆమెను మా ఇంటికి పిలిచి పాత ప్రశ్నపత్రం ఇచ్చి, మధ్యలో లేచి తిరగనిచ్చి, ఇంకో అరగంట ఎక్కువ ఇచ్చాను. పాస్ మార్కులు దాటి పైన పది వచ్చాయి. ఆమెకూ పాస్‌కూ మధ్య ఉన్నది ఆ అరగంటే. పదో తరగతి తప్పిన ఆడపిల్లను మళ్లీ ఫీజు కట్టి రాయించే ఇల్లు కాదు వాళ్లది. తప్పితే చదువు అంతటితో సరి. ఈ సంగతి నాకూ తెలుసు, రజితకూ తెలుసు.

అలాంటి పిల్లలకు పరీక్షలో అదనపు సమయం ఇచ్చే వెసులుబాటు ఉందని శిక్షణలో చెప్పారు. దానికి ఒక పద్ధతి ఉంది. జిల్లా కేంద్రంలోని సర్కారు ఆసుపత్రిలో మెడికల్ బోర్డు పిల్లను పరీక్షించి ధ్రువపత్రం ఇవ్వాలి. దాన్ని దరఖాస్తుకు జోడించి ప్రధానోపాధ్యాయుడు జిల్లా విద్యాధికారి కార్యాలయానికి పంపాలి. అక్కడి నుంచి పరీక్షల విభాగానికి పోయి, అనుమతి ఉత్తర్వు తిరిగి బడికి రావాలి. పిల్లను బోర్డుకు తీసుకుపోవాలంటే తండ్రి వెంట ఉండాలి. అందుకని కొమురయ్యను బడికి రమ్మని కబురు చేశాను.

ఇక్కడ బయటి పాఠకులకు ఒక మాట చెప్పాలి. బొగ్గు బాయిల ఊళ్లలో మెడికల్ బోర్డు అంటే ఒక్కటే అర్థం. జబ్బుపడిన కార్మికుణ్ణి కంపెనీ డాక్టర్లు చూసి, ఇక పనికి పనికిరాడని తేలిస్తే దాన్ని అన్‌ఫిట్ అంటారు. ఆర్డర్ రాగానే అతని పేరు మస్టర్ నుంచి, అంటే హాజరు పుస్తకం నుంచి, కొట్టేస్తారు. అతని బదులు కొడుకు నౌకరిలో చేరతాడు. కాబట్టి అన్‌ఫిట్ అన్నది తిట్టూ కాదు, చెడు కబురూ కాదు. దాని కోసం ఏళ్ల తరబడి తిరిగేవాళ్లు ఉన్నారు. మా నాన్న అన్‌ఫిట్ అయిన రోజు మా అమ్మ చర్చిలో కృతజ్ఞత ప్రార్థన చేయించి, వాడకట్టంతా లడ్డూలు పంచింది. నెల లోపల మా అన్న డ్యూటీ ఎక్కాడు. నాన్న ఒక్కడే ఆ రోజు లడ్డూ ముట్టకుండా గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఇవన్నీ నా కళ్ల ముందు జరిగినవే.

కొమురయ్య మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. కంటి అంచుల్లో మాత్రం బొగ్గు కాటుక పెట్టినట్టు మిగిలి ఉంది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. నా ముందు యూనిట్ టెస్టు మార్కుల జాబితాలు కుప్పగా ఉన్నాయి. సాయంత్రం లోపల ఆఫీసులో ఇవ్వాలి. నేను జాబితాలో అంకెలు వేసుకుంటూనే సంగతి చెప్పాను. రజితను బోర్డుకు తీసుకుపోవాలని, సర్టిఫికెట్ వస్తే మేలు జరుగుతుందని అన్నాను.

"మెడికల్ బోర్డా మేడం?" అన్నాడు. అవునన్నాను. కాసేపు చేతులు నలుపుకుని, "మరి అన్‌ఫిట్ రాస్తరా?" అని అడిగాడు.

ఇక్కడే నేను నోరు జారాను. దృష్టి లోపం కాదు, దృష్టి నిలపలేకపోవడం అని మొదలుపెడితే అరగంట పట్టేది. అతనికి తెలిసిన మాటలోనే చెబితే పని తొందరగా అవుతుందనుకున్నాను. "అట్లాంటిదే అనుకోండి అన్నా. మీ బాయిల అన్‌ఫిట్ అయితే లాభం ఉంటది గద, ఇదీ అంతే. భయపడేటిదేం లేదు" అన్నాను. పెద్ద తెలివైన పోలిక చెప్పానని నాలో నేనే మెచ్చుకున్నాను కూడా.

కొమురయ్య మొహం తేటపడింది. రజిత తర్వాతి పిల్ల మౌనిక అప్పుడు ఐదో తరగతి. "అయితే మేడం, దీని జాగల మా చిన్నదాన్ని పెట్టుకుంటరా?" అన్నాడు.

నేను నవ్వాను. అతను హాస్యమాడుతున్నాడనే అనుకున్నాను. తల ఎత్తకుండానే, "పెట్టుకుంటం అన్నా, దానికేం. జూన్‌ల తీసుకరండి" అన్నాను. ఎట్లాగూ ఆరో తరగతికి మా బడికే రావాల్సిన పిల్ల. కొమురయ్య రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఇంత చిన్న మాటకు అంత పెద్ద దండం ఎందుకా అని నాకు తట్టలేదు.

నవంబరు చివర్లో ముగ్గురం బస్సులో కరీంనగర్ పోయాం. బోర్డులో డాక్టర్లు ఓపికగా చూశారు. ఒకావిడ రజితతో బొమ్మలు పేర్పించింది, అంకెలు వెనక నుంచి ముందుకు చెప్పించింది, గంటసేపు మాట్లాడింది. కబురు రెండు వారాలకు వచ్చింది. తెలివికి లోటు లేదు, దృష్టి నిలపడంలో ఇబ్బంది ఉంది, రాత పరీక్షలో అదనపు సమయం అవసరం అని ధ్రువపత్రంలో ఇంగ్లిషులో రాశారు. కొమురయ్య ఒక ప్రతిని ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇంట్లో దాచుకున్నాడు. దాన్ని నేను అతనికి గాని రజితకు గాని చదివి వినిపించలేదు. "మంచిగనే వచ్చింది" అని మాత్రం చెప్పాను.

దరఖాస్తు నామినల్ రోల్స్ వెంట పోయింది. ఫిబ్రవరి మొదటి వారంలో ఆర్డర్ వచ్చింది. ప్రతి పేపరుకు అరగంట ఎక్కువ, గోడ పక్కన విడిగా బల్ల అని ఇంగ్లిషులో ఉంది. నా కష్టం ఫలించిందని సంబరపడి, జిరాక్సు తీయించి రజిత చేతికిచ్చి, "ఆర్డర్ వచ్చింది, మీ నాన్నకు చూపియ్యి" అన్నాను. అప్పుడు నేను ప్రీ ఫైనల్ ప్రశ్నపత్రం రాస్తున్నాను. ఆమె వెళ్లకుండా బల్ల పక్కనే నిలబడింది. కాగితం రెండు మడతలు పెట్టి మళ్లీ విప్పింది.

"ఇగ నేను రావద్దా మేడం?" అని అడిగింది.

సాయంత్రం ప్రత్యేక తరగతి గురించి అడుగుతోందనుకున్నాను. "వద్దులే, ఇంటికి పో" అన్నాను. ప్రశ్నపత్రం మీద నుంచి కళ్లు తీయలేదు.

మర్నాటి నుంచి రజిత రాలేదు. మొదటి వారం జ్వరమేమో అనుకున్నాను. రెండో వారం మేడారం జాతర. సగం క్లాసు ఖాళీ, ఎవరినీ అడిగే వీలు లేదు. పట్టీలో ఆమె పేరు ముందు వరసగా 'ఆ' అని గైర్హాజరు గుర్తు పెట్టుకుంటూ పోయాను. జాతర నుంచి అందరూ తిరిగొచ్చి, బంగారం అని పిలుచుకునే బెల్లం ముక్క నా చేతిలో పెడుతున్నప్పుడు అడిగితే, "రజిత ఊరికి పోయింది మేడం" అన్నారు. ఏ ఊరు, ఎందుకు అని అప్పుడైనా గట్టిగా అడగాల్సింది. ఇంకో వారం పోయాక, పరీక్షలకు నెల మాత్రమే ఉందనగా, వాళ్ల ఇంటికి పోయాను.

వాళ్లది కంపెనీ క్వార్టర్, రెండు గదులు. రజిత తల్లి లచ్చమ్మ గుమ్మంలో బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి చేట పక్కన పెట్టి, నోటి మీద వేలు పెట్టింది. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషి లోపల నిద్రపోతున్నాడు. షిఫ్టు ఇళ్లలో పగటిపూట పిల్లలు కూడా సైగలతోనే మాట్లాడుకుంటారు. నేను గుసగుసగా రజిత ఏదీ అని అడిగాను. కమాన్‌పూర్‌లో మేనత్త దగ్గర ఉందని, మిరపకాయలు ఏరడానికి పోతోందని చెప్పింది. పరీక్షలు పెట్టుకుని పంపడమేందని నా గొంతు పెరిగింది. కొమురయ్య లేచి వచ్చాడు.

నన్ను చూసి అతను నొచ్చుకోలేదు, సంతోషపడ్డాడు. మౌనిక సంగతి మాట్లాడడానికి వచ్చాననుకున్నాడు. నేను అడిగిందానికి అతనికే ఆశ్చర్యమేసింది. "ఆర్డర్ అచ్చింది గద మేడం. అన్‌ఫిట్ అయినంక మల్ల డ్యూటీకి ఎందుకు పోతది?" అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు. అతను చెప్పుకుంటూ పోయాడు. "మా నాయిన అన్‌ఫిట్ అయితేనే నాకు నౌకరి అచ్చింది. మీరు గూడ బాయిల లెక్కనే అన్నరు. దాని జాగల చిన్నదాన్ని పెట్టుకుంటమన్నరు. పెద్దది మస్తు ఏడ్చింది. అరే బిడ్డా, నీ అసొంటిదానికి సర్కారు ఇంత చేస్తున్నది, నీ చెల్లె చదువు గట్టిపడ్డది, ఏడవకు అని నేనే చెప్పిన" అన్నాడు. లోపలికి పోయి ప్లాస్టిక్ కవరు తెచ్చి చూపించాడు. అందులో ధ్రువపత్రం, ఆర్డర్, తన తండ్రి పాత అన్‌ఫిట్ కాగితం, మూడూ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి.

నేను ఆ ఇంగ్లిషు కాగితాన్ని అక్కడే నిలబడి తెలుగులో ముక్క ముక్కగా చదివి చెప్పాను. పిల్లకు తెలివికి లోటు లేదు అన్న వాక్యం దగ్గర లచ్చమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుంది. ఇది బడి మానడానికి కాదని, పరీక్ష బాగా రాయడానికని చెప్పాను. కొమురయ్య కవర్లోంచి తన తండ్రి కాగితాన్ని విడిగా తీశాడు. తర్వాత, "నాకు ఏం ఎరుక మేడం. మీరే అంటిరి గద" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు కాస్త సులువుగా ఉండేది.

మర్నాడే అతను ఒక డ్యూటీ నాగా చేసి కమాన్‌పూర్ పోయి కూతుర్ని తీసుకొచ్చాడు. రజిత వేళ్లు మిరప ఘాటుకు ఎర్రబడి ఉన్నాయి. మొదటి బెంచీలో గోడ పక్కనే కూర్చోబెట్టి, చీటీలు ముందు పెట్టాను. చీటీ తీసుకునేది, చూసేది, తిరిగి ఇచ్చేసేది. ఇంతకు ముందు చేసిన లెక్కలు కూడా ముట్టలేదు. బల్ల మీద వేలితో తట్టితే తల ఎత్తడానికి బదులు ఇంకా కిందికి దించుకునేది. మధ్యాహ్నం పేలుడు వచ్చినా నీళ్లకు లేవలేదు. ఒకరోజు అందరూ పోయాక పక్కన కూర్చుని, తప్పు నాదని, కాగితంలో అట్లా లేదని మళ్లీ చదివి చెప్పాను. శ్రద్ధగానే విన్నది.

"మీరు మంచిగనే చెప్తున్నరు మేడం. కని బోర్డుల చూసిర్రు గద. నేను అన్‌ఫిట్టే" అన్నది.

మూడు వారాల పాటు ఒక పిల్ల మిరప తోటలో ఒక మాటనే తలుచుకుంటూ కూర్చుంటే, దాన్ని నేను మూడు రోజుల్లో తుడిచేయగలనని అనుకోవడం నాకు అహంకారమే. మా నాన్న గోడ వైపు తిరిగి పడుకోవడం చూసిన దాన్ని. లడ్డూలు గుర్తుపెట్టుకున్నంత బాగా ఆ గోడను గుర్తుపెట్టుకోలేదు.

పబ్లిక్ పరీక్షల్లో సొంత బడి పిల్లలకు టీచర్లను ఇన్విజిలేటర్లుగా వేయరు. నేను వేరే కేంద్రంలో డ్యూటీ చేశాను. రజిత రాసిన కేంద్రం చీఫ్ సూపరింటెండెంట్ నాకు తెలిసినాయనే. లెక్కల మొదటి పేపరు రోజు సాయంత్రం కనబడి, మీ పిల్లకు విడిగా బల్ల వేయించాం, అరగంట ఎక్కువ ఉందని రెండుసార్లు చెప్పాం, అందరికీ గంట కొట్టగానే ఆమె కూడా లేచి పేపరు ఇచ్చేసింది అన్నాడు. రెండో పేపరు రోజు కూడా అంతే. మిగతా సబ్జెక్టులన్నీ పాసై లెక్కల్లో ఆరు మార్కులతో తప్పింది. సప్లిమెంటరీ ఫీజు నేను కడతానని రెండుసార్లు కబురు చేశాను. రానన్నది.

జూన్‌లో ప్రవేశాలు మొదలైన మొదటి వారంలోనే కొమురయ్య మౌనికను వెంటబెట్టుకుని వచ్చాడు. అదే ఇస్త్రీ చొక్కా. దరఖాస్తు ఫారం నేనే నింపాను. పిల్ల పేరు, తండ్రి పేరు, వృత్తి, పుట్టుమచ్చలు. సంతకం చేసే చోట చూపిస్తే, ఒక్కో అక్షరమూ నిలబెట్టి సంతకం చేశాడు. పెన్ను తిరిగి ఇస్తూ, పిల్లకు వినబడకుండా వంగి అడిగాడు.

"ఇదన్న ఫిట్టేనా మేడం?"

ఫిట్టే అనలేకపోయాను, ఆ మాట తప్పని చెప్పడానికీ మొహం చెల్లలేదు. మంచిగ చదువుతది అన్నా అని మాత్రం అన్నాను. మౌనిక చదివింది, పది పాసైంది. కొమురయ్య లెక్క ప్రకారం ఆ ఒప్పందంలో ఏ లోటూ జరగలేదు.

రజిత ఆ తర్వాత చౌరస్తా దగ్గర లేడీస్ టైలర్ షాపులో పనికి కుదిరింది. షేర్ ఆటోలో ఎప్పుడైనా ఎదురుపడితే జరిగి చోటిచ్చి, నమస్తే మేడం అనేది. కాజాలు కుట్టడంలో ఆమె చేయి ఆగదని, గంటల తరబడి తల ఎత్తదని ఆ షాపు ఆవిడ ఒకసారి నాతో మెచ్చుకోలుగా చెప్పింది. ఆ మాట విని నేను సంతోషపడాల్సింది. జాకెట్టు తీసుకుని తొందరగా వచ్చేశాను.

తెలంగాణ వచ్చిన సంవత్సరమే నేను రిటైరయ్యాను. రజిత తర్వాత నా చేతుల మీదుగా ఇంకో నలుగురు పిల్లలను బోర్డుకు పంపాను. ప్రతిసారీ ముందుగా ఇంటికి పోయాను, తండ్రి నిద్ర లేచేదాకా కూర్చున్నాను, కాగితం మొత్తం తెలుగులో చదివాను, ఏం అర్థమైందో వాళ్ల నోటితో తిరిగి చెప్పించుకున్నాను. పని తొందరగా కావాలని వాళ్ల మాటను అరువు తెచ్చుకోలేదు. పిల్లలు ఏదైనా అడగడానికి బల్ల పక్కన నిలబడితే పెన్ను మూసి పెట్టి మొహం చూసి జవాబు చెప్పాను. ఆ నలుగురూ అదనపు అరగంట పూర్తిగా వాడుకుని రాశారు.

రజిత కార్డు మీద 'పరధ్యానం ఎక్కువ' అని ఎర్ర సిరాతో రాసింది నేనే. ఇక నేను రావద్దా అని ఆ పిల్ల అడిగినప్పుడు విననిది కూడా నేనే.